జాగ్రత్త: అండమాన్ ప్యాకేజీ కాగితంలో ఊళ్ల పేర్లు ఉంటాయి, వేళలు ఉండవు

ఫిబ్రవరిలో నేనూ, మావారూ అండమాన్ వెళ్లివచ్చాం. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. విమానం ఖర్చు కాక ఇద్దరికీ కలిపి 74,000 రూపాయలు. ఆ ద్వీపాల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అక్కడి నీటి రంగుకు పేరు పెట్టడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. ఫిర్యాదంతా ప్యాకేజీ అమ్మిన ఏజెంటు మీదే. ఆయన పేరు రాయడం లేదు. ఇలాంటి కాగితం అమ్మేది ఆయన ఒక్కడే కాదు, ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కూడా అదే కావచ్చు.

మొదటి దెబ్బ లెక్కలోనే తగిలింది. కాగితం మీద "తొమ్మిది దర్శనీయ ప్రదేశాలు" అని ఉంది. హేవ్‌లాక్ ఒక వరుసలో, స్వరాజ్ ద్వీప్ మరో వరుసలో. నీల్ ఐలాండ్ ఒకటి, షహీద్ ద్వీప్ ఇంకొకటి. రాస్ ఐలాండ్, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ మరో రెండు. 2018 డిసెంబరులో ఈ మూడు ద్వీపాలకూ పేర్లు మార్చారు. పాత పేరు, కొత్త పేరు రెండూ రాసి మూడింటిని ఆరు చేశాడు మహానుభావుడు. పోర్ట్ బ్లెయిర్‌ 2024లో శ్రీ విజయపురం అయితే దాన్నీ వదల్లేదు: పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, శ్రీ విజయపురంలో నగర దర్శనం! తొమ్మిదోది ఎలిఫెంట్ బీచ్. అది హేవ్‌లాక్‌లోనే ఉంది. కొట్టివేతలు పోగా మిగిలినవి నాలుగు. బయలుదేరే ముందు పటం తెరిచి ఐదు నిమిషాలు చూసి ఉంటే నాకే తెలిసేది, ఆ తప్పు నాది.

హోటల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫొటోలో సముద్రం ఒడ్డున కుటీరం, కింద చిన్న అక్షరాల్లో "లేదా దీనికి సమానమైనది". మాకు దక్కింది ఆ సమానమైనది. కిటికీ తెరిస్తే పక్క భవనం నీళ్ల ట్యాంకు కనిపించింది. "లేదా" అన్న మాటను కొట్టించి, హోటల్ పేరు, గది రకం రాయించుకున్నాకే అడ్వాన్సు పంపండి.

అసలు మోసం వేళల దగ్గర జరిగింది. రెండో రోజు పట్టికలో "సాయంత్రం 6:30, రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం" అని ఉంది. మేం ఆరింటికే చేరాం, ముందుగా వచ్చామని సంతోషించాం కూడా. జనం ఇసుక దులుపుకుంటూ ఎదురొస్తున్నారు. సూర్యుడు అప్పటికి అరగంట క్రితమే మునిగిపోయాడు, పడమట ఎర్రటి చార ఒక్కటే మిగిలింది. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క మీద నడుస్తాయి. అండమాన్ ఉన్నది 92, 93 డిగ్రీల దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ దాదాపు నలభై నిమిషాల ముందే పొద్దు పొడుస్తుంది, అంత ముందే కుంకుతుంది. ఎక్కడో కూర్చుని పట్టిక తయారుచేసిన మనిషికి ఇది తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కలగలేదు.

అదే రాత్రి "మెరిసే సముద్రంలో కయాకింగ్", దానికి విడిగా డబ్బు. నీటిలోని సూక్ష్మజీవులు కదలికకు నీలంగా వెలుగు చిమ్ముతాయి. తెడ్డు వేస్తే వెలుగు, చేయి ముంచితే వేళ్ల చుట్టూ వెలుగు. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న కోరిక. మమ్మల్ని తీసుకువెళ్లిన కుర్రాడు లైఫ్ జాకెట్ బిగిస్తూ ఆకాశం వైపు చూసి, మా వైపు చూసి, "ఈ తేదీ ఎవరు పెట్టారు?" అన్నాడు. మర్నాడు పున్నమి! ఆ వెన్నెల్లో నా చేతి గీతలు కనిపించాయి గాని నీటిలో ఒక్క మెరుపు లేదు. మడ చెట్ల మధ్య పడవలో పోవడం బాగుంది, అబద్ధం చెప్పను. కాని మేం డబ్బు కట్టింది చీకటి కోసం. దీనికి అమావాస్య అటూ ఇటూ రోజులు మంచివని ఆ కుర్రాడే చెప్పాడు. ఇంట్లో గోడ మీద వేలాడే క్యాలెండరు చూసినా తెలిసే విషయం.

నాలుగో రోజు నీల్ ద్వీపంలో సహజ శిలా వంతెన. పట్టికలో ఉదయం 10:30. ఒడ్డుకు చేరేసరికి వంతెన కాళ్ల దగ్గరకు కెరటాలు వచ్చి కొడుతున్నాయి. డ్రైవరు దూరం నుంచే "అదిగో" అని చూపించి, పది నిమిషాల్లో బండి ఎక్కమన్నాడు. అక్కడ కొబ్బరిబోండాలు కొడుతున్న పెద్దాయన మాత్రం కత్తి ఆపకుండానే, "ఇప్పుడు పోటు. నాలుగింటికి రండి, నీరు తీస్తుంది" అన్నాడు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ప్రతిరోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. ఆ దీవుల్లో పున్నమి, అమావాస్యల సమయంలో పోటు పొద్దున పది ప్రాంతాల వస్తుందట. అంటే ఆ వారంలో ఆ వంతెనను ఉదయం చూపిస్తానని అమ్మడమే తప్పు.

నాలుగింటికి స్కూటర్ అద్దెకు తీసుకుని మళ్లీ వెళ్లాం. పొద్దున నీళ్లున్న చోట ఇప్పుడు పగడపు రాళ్ల నేల తేలింది. రాయికీ రాయికీ మధ్య చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో లోకం. అరచేతి పొడవు సముద్ర దోసకాయ కదలకుండా పడి ఉంది. మరో గుంటలో నీలిరంగు పెదవులున్న పెద్ద ఆల్చిప్ప మా నీడ పడగానే మూసుకుంది. చెప్పు జారి మావారు మోకాలు గీరుకున్నారు, అయినా వెనక్కి రానంటారు. ఐదు రోజుల్లో మనసు నిండిన గంట అదే. అది ప్యాకేజీలో లేదు.

తిండి కూడా అంతే. ప్యాకేజీలో ఉదయం ఫలహారం ఒక్కటే, అదీ రోజూ అదే పూరీ. హేవ్‌లాక్ మార్కెట్టులో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల చిన్న హోటళ్లు ఉన్నాయి. ఆవపిండి వేసి వండిన చేపల పులుసు, వేడన్నం. రెండు పూటలు అక్కడే తిన్నాం. మూడో పూట వెళ్తే అడగకుండానే వడ్డించారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. కాస్త నెమ్మదిగా చదవండి. చివరి రోజు పొద్దున 6:30కి నీల్‌లో స్కూబా డైవింగ్ (గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునగడం), ఆ తర్వాత పడవ, మధ్యాహ్నం 1:30కి విమానం అని పెట్టాడు. డైవింగ్ నేర్పే ఆయన ఆరోగ్య పత్రం నింపిస్తూ "మీ విమానం ఎప్పుడు?" అని అడిగాడు. చెప్పగానే కలం పక్కన పెట్టేశాడు. నీటి లోతున ఒత్తిడికి గాలిలోని నత్రజని శరీరంలో ఎక్కువగా కరుగుతుంది. అది మెల్లగా బయటకు పోవాలి. ఆలోపే ఒత్తిడి తక్కువగా ఉండే విమానంలో ఎక్కితే రక్తంలో, కీళ్లలో బుడగలు కడుతుంది. కొన్నిసార్లు పక్షవాతం దాకా పోతుంది. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవింగ్ వాళ్లు పాటించే నియమం. మాకున్నది ఏడు గంటలు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "అందరూ చేస్తున్నారు, ఏమీ కాదు" అన్నాడు. నేర్పే ఆయన మాత్రం నన్ను నీళ్లలోకి దింపనన్నాడు. దండం పెట్టాలనిపించింది. స్కూబా ఉన్న ప్యాకేజీ కొంటే అది రెండో రోజో, మూడో రోజో ఉండాలని పట్టుపట్టండి.

మరొకటి. "జరావా గిరిజనులను చూపిస్తాం" అంటూ బారాటాంగ్ ద్వీపం ప్రయాణానికి అదనపు డబ్బు అడిగాడు. సున్నపురాతి గుహలు చూడడానికి బారాటాంగ్ వెళ్లడంలో తప్పు లేదు. జరావాల అడవి గుండా పోయే ఆ దారిలో వాహనాలను గుంపుగా, నిర్ణీత వేళల్లో వదులుతారు. కాని ఆ అడవిలో బండి ఆపడం, ఫొటో తీయడం, తిండి పెట్టడం నేరం. 1956 నుంచి అక్కడి ఆదిమ జాతుల రక్షణకు చట్టం ఉంది. మనుషులను చూపిస్తానని అమ్మేవాడు మీకు పోలీసు కేసు కూడా కలిపి అమ్ముతున్నాడు. మేం వెళ్లలేదు.

పడవ టిక్కెట్లు మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో ఉండేలా చూసుకోండి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు రద్దవుతాయి, అప్పుడు డబ్బు టిక్కెట్టు కొన్నవాడి ఖాతాకే తిరిగి వెళ్తుంది. మాకు వేగంగా పోయే పడవ అని చెప్పి నెమ్మదిగా పోయేదాని టిక్కెట్లు ఇచ్చాడు. తేడా సొమ్ము ఆయన జేబులోనే ఉండిపోయింది.

చేయని డైవింగుకు కట్టిన డబ్బు వెనక్కి అడిగితే "వద్దన్నది మీరే కదా" అని జవాబు. సగం సొమ్ము కార్డు మీద కట్టాం కాబట్టి బ్యాంకులో అభ్యంతరం పెట్టాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. పట్టిక కాగితం, వాట్సాప్ సందేశాలు, డైవింగ్ కేంద్రం వాళ్లు "విమానం కారణంగా నిరాకరించాం" అని రాసి ఇచ్చిన చీటీ, అన్నీ దాచి ఉంచాను.

నిన్న ఏజెంటు నుంచి సందేశం వచ్చింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే లక్షద్వీప్ ప్యాకేజీ మీద పది శాతం తగ్గిస్తాడట. పట్టిక కూడా జత చేశాడు. మొదటి రోజు వరుసలో "సాయంత్రం 6:30, సూర్యాస్తమయం" అని ఉంది.