విజయనగరంలో అగ్రరాజ్యాల వీకెండ్ క్లాసు: మూడు వేలు పెట్టొచ్చా?

గ్రూప్-1, సివిల్స్ రాసేవాళ్ల కోసం విజయనగరంలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ శని, ఆదివారాల్లో అంతర్జాతీయ సంబంధాలకి విడిగా ఒక బ్యాచ్ నడుపుతోంది. పెద్ద దేశాలు ఎందుకు పైకొస్తాయి, ఎందుకు కూలతాయి అన్నదే మొత్తం సబ్జెక్టు. ఫీజు మూడు వేలు. పేరెందుకులెండి, తిట్టేది కూడా ఉంది. సార్ చెప్పే పద్ధతికి ఆ డబ్బు ఇవ్వొచ్చు, మెటీరియల్‌కి మాత్రం ముప్పై రూపాయలు కూడా దండగే.

ఇలాంటి క్లాసంటే వాషింగ్టన్‌తోనో బీజింగ్‌తోనో మొదలెడతారు కదా, ఈయన బొబ్బిలితో మొదలెట్టారు. 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి సైన్యంతో విజయనగరం రాజుకి తోడొచ్చి బొబ్బిలి కోట మీద పడ్డ కథ మనకి బుర్రకథల్లో విన్నదే. మరుసటి ఏడాది ఫ్రెంచివాళ్ల పెద్ద లాలీ ఆ బుస్సీని దక్షిణాదికి పిలిపించుకున్నాడు, ఇక్కడ విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు, క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. మనం దీన్ని లోకల్ హిస్టరీ బిట్టుగా బట్టీపట్టి వదిలేస్తాం. సరిగ్గా అప్పుడే యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ బ్రిటన్, ఫ్రాన్స్‌లే ఏడేళ్ల యుద్ధంలో (1756-63) కొట్టుకుంటున్నాయని, చందుర్తి అందులో ఒక ముక్కేనని ఆయన బోర్డు మీద మ్యాపు గీసి చూపించారు. నా ఫీజులో సగం అక్కడే వసూలైపోయింది.

ఆయన ప్రతి యుద్ధానికీ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఖర్చెవరు పెట్టారమ్మా?" ఫోర్డ్ సైన్యం ఖర్చు భరిస్తానని రాజు ఒప్పుకున్నాడు, తీరా ఇచ్చే దగ్గర సాగదీశాడు, దాంతో సైన్యం ముందుకి కదలడమే ఆలస్యమైంది. స్పెయిన్ క్లాసు ఇంకా బాగుంది. దక్షిణ అమెరికాలోని పోటోసీ గనుల నుంచి ఓడలకి ఓడలు వెండి దిగుతున్నా స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ హయాంలో 1557, 1575, 1596ల్లో అప్పులవాళ్లకి చేతులెత్తేశారు. రేవులో దిగకముందే ఆ వెండి జెనోవా బ్యాంకర్లకి తాకట్టు అయిపోయి ఉండేది, అటు నెదర్లాండ్స్‌లో యుద్ధం ఎంతకీ తెగేది కాదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది కానీ, ఇందులోంచి సార్ ఒక ఫార్ములా తీసేస్తారు, యుద్ధాల కోసం అప్పులు చేసిన రాజ్యం కూలిపోతుందని. మరి బ్రిటన్ సంగతేంటి? నెపోలియన్ యుద్ధాలు ముగిసేసరికి దాని అప్పు దేశం ఏడాది ఆదాయానికి దాదాపు రెండింతలు, అయినా ఆ తర్వాత వందేళ్లు సముద్రాలన్నీ దానివే. 1780ల్లో ఆదాయంతో పోలిస్తే ఫ్రాన్స్ అప్పు బ్రిటన్ కంటే తక్కువే, కానీ 1789లో కూలింది ఫ్రాన్స్. నాకర్థమైనంతలో తేడా అప్పులో లేదు, పరపతిలో ఉంది. బ్రిటన్‌లో పన్నులు పార్లమెంటు వేసేది, 1694 నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ ఉంది, వడ్డీ టైముకి పడుతుందని జనానికి నమ్మకం కాబట్టి తక్కువ వడ్డీకే అప్పు పుట్టేది. ఫ్రెంచి రాజు ప్రభువర్గం దగ్గర సరిగ్గా పన్ను రాబట్టలేక, చివరికి 1614 తర్వాత ఎప్పుడూ పిలవని ఎస్టేట్స్ జనరల్‌ని (మూడు వర్గాల ప్రతినిధుల సభ) పిలవాల్సి వచ్చింది.

ఇదే డౌటు క్లాసులో అడిగితే "మంచి డౌటే గానీ మెయిన్స్‌లో రాయకు బాబూ" అన్నారు! అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ అది జవాబు కాదు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత సూయజ్ కాలువ గొడవ గురించి చెప్పినప్పుడు ఆయన నోటే నా మాట వచ్చింది. 1956లో ఈజిప్టు మీద యుద్ధంలో బ్రిటన్ ఓడిపోలేదు, పౌండు పడిపోతుంటే వెనక్కి తగ్గితే తప్ప ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) డబ్బు రానివ్వనని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బిగించేసరికి దిగొచ్చింది.

సోవియట్ యూనియన్‌ని అరగంటలో తేల్చేశారు. అఫ్ఘానిస్తాన్ యుద్ధం, 1986లో చమురు ధర పడిపోవడం, అంతే. 1991లో అది ముక్కలైంది పదిహేను రిపబ్లిక్‌లుగా కదా, ఆ జాతుల గొడవ ఊసే లేదు. చైనాకి దక్కింది చివరి పది నిమిషాలు. ఈ రోజుల్లో ఇదేం న్యాయమండీ?

మెటీరియల్ జిరాక్స్‌కి జిరాక్స్. నా కాపీలో 1991 కాస్తా 1919 అయింది, అది చదివి పరీక్ష రాస్తే అంతే సంగతులు. ఆదివారం క్లాసు చెప్పిన టైముకి ఎప్పుడూ వదలరు, శ్రీకాకుళం వైపు వెళ్లాల్సినవాళ్లకి ఆఖర్లో బస్సు టెన్షన్ తప్పదు. హాలు ఇరుకు, ముందు వరసలో కూర్చుంటేనే మ్యాపులు కనిపిస్తాయి.

2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కట్టిన వడ్డీ దాని రక్షణ ఖర్చుని దాటిందని చెప్పి, దీని మీద రెండు పేజీలు రాసుకురమ్మన్నారు. రాసిచ్చాం, ఇంతవరకూ దిద్ది ఇవ్వలేదు. కొత్త బ్యాచ్‌లో చేరేవాళ్లు పేపర్లు దిద్దుతారా, చైనాకి ఒక పూర్తి క్లాసు ఇస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి, కట్టాక ఆఫీసులో ఎవరూ పలకరు.