పాత మోంఢాకు ఏది మేలు: ప్రదర్శనశాలా, దుకాణాలా, ఖాళీ నేలా?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వంటి తెలంగాణ సరిహద్దు పట్టణాల్లో ధాన్యం, మిర్చి, పత్తి టోకున అమ్ముడయ్యే చోటును మోంఢా అంటాం. లారీలు పెరిగి, బజారు ఇరుకై, వ్యాపారం ఊరి బయటి యార్డుకు తరలిపోతే నడిబొడ్డున ఎత్తైన కప్పు, విశాలమైన నేల, నాలుగు వైపులా దారులు ఉన్న ఒక కట్టడం మిగులుతుంది. దాన్ని పడగొట్టి అంతస్తులు లేపుదామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. ఆ చోటు ఆటకూ పాటకూ కథకూ దక్కాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే ఎలాంటి వేదిక కావాలో తేల్చుకోకుండా మొదలుపెడితే ఉన్నదీ పాడవుతుంది. ఈ పని ముందే చేసి చూసిన ఊళ్లు కొన్ని ఉన్నాయి కనుక వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు పడగొట్టిన వారి సంగతి. పారిస్ నడిమధ్యనున్న లే ఆల్ టోకు మార్కెట్ 1969లో నగరం బయటి రంజీస్‌కు తరలింది. విక్టర్ బల్తార్ ఇనుముతో, గాజుతో కట్టిన మండపాలు ఖాళీ అయ్యాయి. కూల్చేలోపు వాటిలో నాటకాలు ఆడారు, ప్రదర్శనలు పెట్టారు, జనం వచ్చారు. అయినా 1971లో కూల్చివేత మొదలైంది. ఒక్క మండపాన్ని మాత్రం విప్పి తీసుకెళ్లి నోజాన్ పట్టణంలో తిరిగి నిలబెట్టారు. 1977 నుంచి అది సభామందిరంగా పనిచేస్తోంది. కట్టడానికి మరో బతుకు ఉందని తెలిసిన తర్వాత కూడా కూల్చడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

బార్సిలోనాలోని ఎల్ బోర్న్ దీనికి పూర్తిగా ఎదురు. 1876 నాటి ఆ ఇనుప కట్టడం 1921 నుంచి 1971 దాకా నగరానికంతటికీ పండ్లు, కూరగాయల టోకు మార్కెట్టు. మార్కెట్టు తరలిపోయాక దాన్ని కూల్చనివ్వకుండా చుట్టుపక్కల జనమే అడ్డుపడ్డారు. తర్వాత అందులో గ్రంథాలయం పెడదామని తవ్వితే, 1714లో ఆ నగరం మీద జరిగిన ముట్టడి తర్వాత పడగొట్టిన వీథులూ ఇళ్ల పునాదులూ బయటపడ్డాయి. గ్రంథాలయం ఆలోచన మానుకుని 2013లో సాంస్కృతిక కేంద్రంగా తెరిచారు. అక్కడ నేల మొత్తం ఆ శిథిలాలదే. వచ్చినవారు అంచున నిలబడి కిందికి చూస్తారు.

వారికి అది తగినదే. మనకు కాదు. మోంఢా చరిత్ర నేల కింద లేదు, అక్కడ బరువులు మోసిన హమాలీల వద్ద, కాంటా దగ్గర నిలబడ్డ తూకందారుల వద్ద, ఆడతిదారుల (కమీషన్ వ్యాపారుల) లెక్కల పుస్తకాల్లో ఉంది. పాత కాంటాలను గాజుపెట్టెల్లో పెడితే బడి పిల్లలు ఒకసారి వచ్చి చూస్తారు, ఆ తర్వాత కాపలాదారు జీతమే భారమవుతుంది. అయినా ఎల్ బోర్న్ నుంచి తీసుకోవలసింది ఒకటుంది: ఒక్క గోడనైనా చరిత్రకు వదలాలి. నిజాం ప్రభుత్వం 1339 ఫసలీలో, అంటే 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది. 1956లో మరాఠ్వాడా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయింది. 1963లో మహారాష్ట్ర తన మార్కెట్ చట్టం చేసుకుంది. రైతు గోనె సంచి వేలంపాటకు చేరడం వెనుక ఇంత కథ ఉందని తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో ఆ గోడ మీద రాసి ఉంటే చాలు.

లండన్‌లోని కోవెంట్ గార్డెన్ గురించి ఎక్కువ చెప్పను. పండ్ల, కూరగాయల మార్కెట్టు 1974లో వెళ్లిపోయింది, 1980లో అదే భవనం దుకాణాలతో, తినుబండారాల అంగళ్లతో తెరుచుకుంది. కట్టడం దక్కింది, అది గొప్ప విషయమే. మన ఊళ్లలో ఆ దారి పడితే బంగారం కొట్లూ ఫోను దుకాణాలూ తప్ప ఆ అద్దెను మోయగలవారు ఉండరు. బుర్రకథ బృందానికి అక్కడ చోటెక్కడ?

ఫ్రాన్సులోని లియాన్ నగరం దారి మాత్రం నన్ను బాగా ఆకర్షించింది. తోనీ గార్నియే గీసిన పశువుల సంత మందిరం సుమారు 17,000 చదరపు మీటర్లు, లోపల ఒక్క స్తంభం కూడా లేదు. 1914లో అక్కడ పెద్ద ప్రదర్శన జరిగింది, యుద్ధకాలంలో ఆయుధాలు తయారుచేశారు, 1928 నుంచి పశువులను అమ్మారు, 1988 నుంచి సంగీత కచేరీలు పెడుతున్నారు. ఇన్ని పనులకు ఒదిగింది నేల ఖాళీగా ఉన్నందువల్లే.

మనకు కావలసిందీ ఆ ఖాళీ నేలే. బోధన్ వైపు చిందుల ఎల్లమ్మ పేరు మోగించిన చిందు యక్షగానం, ఒగ్గుకథ, మరాఠీలో వీరగాథలు పాడే పోవాడా, కీర్తన, భక్తిని ఆటపాటలతో చెప్పే భారుడ్, ఇవన్నీ చుట్టూ జనం కూర్చుంటే నడిచే కళలు. బతుకమ్మకు వలయం కావాలి. కుర్చీలను నేలకు బిగించి, ఒక చివర ఎత్తైన రంగస్థలం కట్టి, చల్లగాలి యంత్రాలు పెడితే అది ఉపన్యాసాలకు, సన్మానాలకు పనికొస్తుంది. చిందు కళాకారిణి జనంలోంచి నడిచి వచ్చే దారి మూసుకుపోతుంది. పెద్ద పట్టణాల్లో అలాంటి సభామందిరాలు ఇప్పటికే ఉన్నాయి, మోంఢాను చెడగొట్టి మరొకటి కట్టనక్కరలేదు.

ఖాళీ షెడ్డుకు ఒక పెద్ద చిక్కు ఉంది: ధ్వని. రేకుల కప్పు, గట్టి నేల, ఎత్తైన గోడలు మాటను తిప్పి తిప్పి కొడతాయి. ఒక మాట చెవిని చేరేలోపు అంతకు ముందు మాట ఇంకా గింగిరాలు తిరుగుతూనే ఉంటుంది. డోలుకు అది ఫరవాలేదు, కథకు ప్రాణసంకటం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన మా పిల్లలకు కథకుడి మాట స్పష్టంగా వినపడకపోతే వారు అక్కడితో లేచిపోతారు. కప్పు కింద మందపు బట్ట, కొబ్బరిపీచు చాపలు కడితే ప్రతిధ్వని చాలా తగ్గుతుంది. మంటలంటుకోకుండా వాటికి ముందే మందు పట్టించాలి. రెండు భారీ స్పీకర్లకు బదులు చిన్నవి ఎక్కువ చోట్ల, జనానికి దగ్గరగా పెట్టాలి. రేకుల మీద వాన మోత ఆగాలంటే పైన మరో పొర తప్పదు.

ఇక హైదరాబాదు మోజంజాహి మార్కెట్. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్టు నుంచి పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు పోయింది. దుకాణాలు మాత్రం పోలేదు. 2020లో మరమ్మతులు ముగిశాక ముంగిట్లో సంగీతం కూడా వినిపించింది. ఎండు పళ్లో అత్తరో కొనడానికి వచ్చినవారు నిలబడి పాట వింటారు. దుకాణాల అద్దె ఆ భవనానికి ఆదాయమవుతుంది, తలుపులు రోజూ తెరుచుకుంటాయి. నెలకు నాలుగు రాత్రులే వాడే మందిరంలో మిగతా రోజులు పావురాలు, చెమ్మ రాజ్యమేలుతాయి.

అందుకే నా ఓటు వీటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా కాదు. అంచులు హైదరాబాదులా, నడిమి నేల లియాన్‌లా. అంచు గదుల్లో విత్తనాలు, గోనె సంచులు, మసాలా దినుసులు అమ్ముతున్న పాత అద్దెదారులకే మొదటి హక్కు ఉండాలి. వారు ఉంటే హమాలీలకు కొంతైనా పని మిగులుతుంది. నడిమి నేలలోకి సరుకు రాకుండా మాత్రం గట్టిగా చూసుకోవాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి అది గోదాము అవుతుంది.

మిర్చి అమ్మే పట్టణాల్లో మాత్రం ఇందుకు తొందరపడకూడదు. మిర్చి వ్యాపారం సాగుతున్నంత కాలం అదే షెడ్డులో సాయంత్రం గొంతెత్తి పాడడం కుదరదు, ఘాటు గోడలకే పట్టి ఉంటుంది. వ్యాపారం పూర్తిగా వెళ్లాక గోడలు కడిగి, సున్నం కొట్టించిన తర్వాతే కళాకారులను పిలవాలి. ధాన్యం మాత్రమే అమ్మిన షెడ్లకు ఈ బాధ లేదు. బహిరంగ మైదానం చవక కదా అనేవారికి ఒక్క మాట: గణపతి నవరాత్రులు, బతుకమ్మ రెండూ వాన ఇంకా వెళ్లని రోజుల్లోనే వస్తాయి. కప్పు విలువ అప్పుడు తెలుస్తుంది.

డబ్బు కొంచెమే ఉంటే వరుస ఇలా ఉండాలి: ముందు కప్పు, తర్వాత విద్యుత్తు తీగలు, ఆ తర్వాత మరుగుదొడ్లు. కుర్చీలు వద్దు, చాపలు చాలు. ఒగ్గుకథ తెల్లవార్లూ సాగుతుంది, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, ఇంటిదాకా వెలుగున్న దారి లేకపోతే వారు తొలి జాములోనే వెళ్లిపోతారు.