లోబ్‌స్టర్ ఫాంట్: చాలాకాలం వాడాక తేలినవి

అర్జెంటీనా డిజైనర్ పాబ్లో ఇంపల్లారి 2010లో విడుదల చేసిన ఇంగ్లీషు ఫాంట్ ఇది. పేరు తెలియకపోయినా కేఫ్ మెనూల మీదా బేకరీ బోర్డుల మీదా చూసే ఉంటారు: లావుగా, కుడివైపు వాలి, అక్షరాలు చేతులు పట్టుకుని నడిచినట్టుంటాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి వ్యాపార పనులకూ ఉచితమే.

దీని అసలు బలం ఆ కలయికలో ఉంది. చాలా స్క్రిప్ట్ (చేతిరాతలా కనిపించే) ఫాంట్లలో ప్రతి అక్షరం పక్కదానితో అతకాలని ఆకారంలోనే రాజీపడతారు. ఇక్కడ అలా చేయలేదు. ఒక్కో అక్షరానికి వేర్వేరు రూపాలు, జంటలకు విడిగా లిగేచర్లు (పక్కపక్క అక్షరాలను కలిపి గీసిన ఒకే రూపం), పదం చివరకు ప్రత్యేక రూపాలు గీశారు. ఏది ఎక్కడ రావాలో సాఫ్ట్‌వేరే ఎంచుకుంటుంది. ఆ పని దాన్ని చేయనివ్వకపోతేనే తంటా.

వెబ్‌లో ముందుగా చెడేది బరువు, అంటే గీతల మందం. చూపుకి బోల్డే గానీ ఉన్నది ఒక్క ఫైలు, దాని వెయిట్ 400, అంటే మామూలు మందం. హెచ్1 (పేజీ ప్రధాన) శీర్షికకి బ్రౌజర్ తనంతట తానే బోల్డ్ పెడుతుంది. బోల్డ్ ఫైలు లేదు గనక ఉన్న గీతలనే ఇంకా లావు చేస్తుంది. దాంతో 'a', 'e' అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పేజీ సీఎస్ఎస్‌లో (రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) font-weight: 400 అని రాయండి, బ్రౌజర్ సొంతంగా లావు చేయకుండా font-synthesis: none పెట్టండి. లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) జోలికి అసలు పోవద్దు: సున్నా కాకపోతే బ్రౌజర్లు లిగేచర్లను ఆపేస్తాయి, అతుకులు తెగుతాయి. 24 పిక్సెల్స్ కంటే చిన్నగా నాకైతే ఎప్పుడూ నచ్చలేదు. అన్నీ పెద్దక్షరాల్లో రాయడం మరీ ఘోరం.

ఇలస్ట్రేటర్‌లో కెర్నింగ్ (అక్షర జంటల మధ్య ఎడం సర్దుబాటు) 'ఆప్టికల్'లో ఉంటే అతుకుల దగ్గర సన్నని సందులు వస్తాయి, 'ఆటో'లో పెట్టాలి. వినైల్ కటింగ్‌కి ఇచ్చేటప్పుడు అక్షరాలను అవుట్‌లైన్లుగా (గీసిన ఆకారాలుగా) మార్చి వదిలేయకూడదు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట బ్లేడు రెండు గీతలూ కోసేస్తుంది, స్టిక్కర్ ముక్కలవుతుంది. ఇలస్ట్రేటర్‌లో పాత్‌ఫైండర్ 'యునైట్', కోరల్‌డ్రాలో 'వెల్డ్' చేసి ఆకారాలన్నీ ఒకటిగా కలిపి, గీతలు మాత్రమే కనిపించే వ్యూలో చూసి పంపాలి. అక్షరాల చుట్టూ రంగు అంచు వేయాలన్నా ఇదే వరస.

తెలుగు అక్షరాలు ఇందులో లేవు. పక్కన తెలుగు పేరు కూడా ఉండాలంటే దాన్ని ఇటాలిక్ బటన్‌తో వాల్చకండి. అలా వాల్చితే బేస్‌లైన్‌కి (అక్షరాలు నిలబడే గీతకి) పైనున్నది కుడికీ, కిందున్నది ఎడమకీ జరుగుతుంది. తలకట్టు తర్వాతి అక్షరం మీద పడుతుంది, వత్తు తన హల్లు కిందనుంచి తప్పుకుంటుంది. నిటారుగా, బరువుగా ఉండే రామభద్ర లాంటి తెలుగు ఫాంట్ చాలు. వత్తుల కోసం లైన్-హైట్ (వరుసల మధ్య ఎత్తు) 1.5 దాకా ఉంచండి. ధరలుంటే ₹ గుర్తు మీరు ఎంచుకున్న ఫాంట్‌లోనే వస్తోందా, వేరే ఫాంట్ దూరిందా అన్నది అచ్చుకి ముందే చూసుకోండి.

కొత్త బ్రాండుకి మాత్రం నేను లోబ్‌స్టర్‌ని సూచించను. మరీ ఎక్కువగా వాడేశారు, ఎవరి బోర్డో గుర్తుండదు. పండగ ఆఫర్ పోస్టర్‌లో ఒకటి రెండు మాటలకైతే ఇప్పటికీ బాగుంటుంది. నిజమైన బోల్డ్ ఇటాలిక్ ఫైలే కావాలంటే లోబ్‌స్టర్ టూ తీసుకోండి. అందులో రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్ నాలుగూ విడివిడిగా ఉన్నాయి.