అతిగా నాకే పిల్లికి ఏళ్లుగా వాడినవి: కాలర్, చొక్కా, చుక్కల మందు, ప్రత్యేక ఆహారం

మా నాటు పిల్లి మల్లికి పొట్ట కింద, వెనక కాళ్ల లోపలి వైపు బొచ్చంతా పోయి, చర్మం నున్నగా గులాబీ రంగులో బయటపడింది. అప్పటి నుంచి ఇప్పటివరకు మేము వాడుతూ వచ్చిన వాటి గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. బొచ్చు మళ్లీ రావడానికి కారణమైనవి చుక్కల మందు, ఆహార మార్పు. కాలర్ (ఒంటిని నాకకుండా మెడ చుట్టూ పెట్టే గరాటు లాంటిది), చొక్కా ఆ లోగా చర్మం పుండు పడకుండా కాపాడాయి.

గట్టి ప్లాస్టిక్ కాలర్ పెట్టినప్పుడు మల్లి గిన్నెలో మూతి పెట్టలేక తిండి మానేసింది. పిల్లి రోజుల తరబడి తినకపోతే కాలేయానికే ప్రమాదం కనుక దాన్ని వెంటనే తీసేశాం. మెత్తటి గుడ్డ కాలర్‌తో హాయిగానే తిని పడుకునేది, కానీ ఒళ్లు విల్లులా వంచి తొడలను అందుకునేది. అందుకే పొట్టను పూర్తిగా కప్పే నూలు చొక్కాకు మారాం. రెండు చొక్కాలు కొని రోజూ ఉతికి మార్చాలి. మేముండే విశాఖపట్నంలో ఎండాకాలం చెమ్మకు ఒక్కటే చొక్కా రోజుల తరబడి ఉంచితే దాని కిందే చర్మం పాడవుతుంది. తోక దగ్గర కత్తిరింపు సరిగా లేని చొక్కా మూత్రంతో తడుస్తుంది కనుక కొనేముందు అక్కడ చూసుకోవడం ముఖ్యం. అయితే చొక్కా తొడిగాక మల్లి ముందు కాళ్లను నాకడం మొదలుపెట్టింది. చొక్కా నాలుకను అడ్డుకుంటుందే తప్ప దురదను తగ్గించదు.

పశువైద్యురాలు నాలుగు వెంట్రుకలు పీకి సూక్ష్మదర్శిని కింద చూశారు. కొనలు విరిగి ఉన్నాయి కనుక బొచ్చు తనంతట తాను రాలడం లేదని, మల్లి తానే నాలుక మీది గరుకు ముళ్లతో దాన్ని కొరుకుతూ నాకేస్తోందని తేల్చారు. ఇలాంటి పిల్లిని చూడగానే అందరూ "దిగులు పెట్టుకుంది" అంటారు. 2006లో అమెరికా పశువైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, మానసిక కారణంతోనే బొచ్చు పోయిందని భావించిన 21 పిల్లులను లోతుగా పరీక్షిస్తే 16 పిల్లులకు దురద పుట్టించే శారీరక కారణాలే దొరికాయి. కేవలం మానసిక కారణం మిగిలినవి రెండే. ఈ లెక్క తెలిసిన తర్వాతే మా ఇంట్లో చికిత్స సరైన దారిలో పడింది.

మొదటి అనుమానం ఫ్లీ పురుగుల (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న గెంతే పురుగులు) మీద. మల్లి ఒంటి మీద ఒక్కటీ కనిపించలేదు, కానీ అతిగా నాకే పిల్లి పురుగులను కూడా మింగేస్తుంది కనుక కనిపించకపోవడం రుజువు కాదు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వగా వచ్చిన నల్లటి నలుసులను తడి కాగితంపై రుద్దితే ఎర్రగా మారాయి. అది పురుగు విసర్జించిన రక్తం. ఈ పురుగులను చంపే సెలమెక్టిన్ అనే చుక్కల మందును నెలకొకసారి, నాలుక అందని మెడ వెనుక, బొచ్చు పాయ తీసి చర్మం మీదే వేస్తున్నాం. గుడ్లు పరుపుల్లోకి, చాపల కిందకు రాలిపోతాయి, గూడు కట్టుకున్న ప్యూపాలు (పూర్తి పురుగుగా మారే ముందు దశ) నెలల తరబడి బతుకుతాయి. తీరప్రాంతపు తేమలో ఏడాది పొడవునా ఇవి పెరుగుతాయి. అందువల్ల ఒక్క మోతాదుతో ఫలితం చూడకూడదు. కనీసం మూడు నెలలు, ఇంట్లో ఉన్న ప్రతి పిల్లికీ కుక్కకూ, దేనికి తగిన మందు దానికి వేయాలి. కొన్ని కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లి ప్రాణం తీస్తుంది. దయచేసి "కొంచెమే కదా" అని వేయకండి. నేల తుడవడానికి ఫినాయిల్ కూడా మా ఇంట్లో మానేశాం, ఎందుకంటే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరిచి బయటకు పంపలేదు, తడి నేల మీద నడిచిన పాదాలను అది నాకుతుంది. వేపనూనె, టీ ట్రీ నూనె పూయమన్న సలహాలనూ మల్లి వాటిని నాకేస్తుందన్న భయంతో పక్కన పెట్టాం.

చుక్కల మందుతో నాకుడు చాలావరకు తగ్గినా పూర్తిగా పోలేదు. అప్పుడు హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ ఆహారం మొదలుపెట్టాం. ఇందులో మాంసకృత్తులను అలర్జీ రేపలేనంత చిన్న ముక్కలుగా విడగొడతారు. ఖరీదైనదే, మల్లి ఇష్టంగా తినడానికీ సమయం పట్టింది. కనీసం ఎనిమిది వారాలు మరేదీ నోట పడకూడదు: పాలు, పెరుగన్నం, పక్కింటి వారు ప్రేమగా వేసే చేప తల, ఏదీ. నిజంగా కష్టమైన భాగం ఇదే, ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. పొట్ట మీద బొచ్చు నిండాక వైద్యురాలి సూచనపై ఉడికించిన చేప మళ్లీ పెట్టి చూస్తే కొద్ది రోజుల్లోనే నాకుడు తిరిగొచ్చింది, మానేస్తే తగ్గింది. పిల్లుల్లో ఆహార అలర్జీకి తరచుగా కారణమయ్యేవాటిలో గొడ్డు మాంసం, కోడిమాంసంతోపాటు చేప కూడా ఉంది.

గోడకు తగిలించే ఫెరోమోన్ డిఫ్యూజర్‌ను (పిల్లిని శాంతపరచడానికి గదిలోకి ప్రత్యేక వాసన వదిలే పరికరం) కూడా వాడాం. నెలకో సీసా మార్చాలి. మల్లి విషయంలో తేడా ఏమీ కనిపించలేదు. కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం వంటి స్పష్టమైన కారణం ఉన్నవారికి ఉపయోగపడవచ్చు, కానీ పురుగులు, ఆహారం తేలకముందు దానికి డబ్బు పెట్టవద్దనే నా అభిప్రాయం. నాకుడు పొట్ట అడుగు భాగానికే పరిమితమై, మట్టి పెట్టె దగ్గరకు మాటిమాటికీ వెళ్తుంటే మూత్రాశయపు నొప్పి కావచ్చు. మగ పిల్లికి మూత్రం రాకపోతే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.