బార్సిలోనాలో బస ఎక్కడ? డయాగొనల్ వెంట మా అనుభవం

బార్సిలోనా మ్యాప్ తెరిస్తే ఎషాంప్ల ప్రాంతమంతా చదరంగం బల్లలా కనిపిస్తుంది. 1859లో ఇల్డెఫాన్స్ సెర్దా అనే ఇంజనీరు వేసిన ప్లాన్ అది. సుమారు 113 మీటర్ల చతురస్రపు బ్లాకులు, ఎక్కువగా 20 మీటర్ల వీధులు, మూలలు కోసేసిన కూడళ్లు. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ, ప్రతి కూడలీ ఒకేలా ఉండటంతో కొత్తవాళ్లకు దిక్కు తోచదు. ఆ గళ్లన్నిటినీ ఏటవాలుగా కోసుకుంటూ, పడమటి కొస నుంచి సముద్రం దాకా దాదాపు 11 కిలోమీటర్లు సాగేదే డయాగొనల్ అవెన్యూ. దాని వెడల్పు 50 మీటర్లు. ఎటు తిరిగినా అది తగిలిందంటే ఎక్కడున్నామో తెలిసిపోయేది. అందుకే బస ఈ రోడ్డుకు దగ్గరగా చూసుకోమంటాను.

పడమటి వైపు ఆఫీసులు, యూనివర్సిటీ. హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి, చూడాల్సినవి మాత్రం దూరం. పసేజ్ దె గ్రాసియా వీధి వచ్చి కలిసే మధ్య భాగంలో అన్నీ నడక దూరమే, గది అద్దె బాగా ఎక్కువ. నాకు నచ్చింది గ్లోరీస్ వైపు. డయాగొనల్, గ్రాన్ వియా, మెరిడియానా రోడ్లు మూడూ కలిసే ఈ చోటే నగరానికి కేంద్రం కావాలని సెర్దా అనుకున్నాడు. మెట్రో, ట్రామ్ రెండూ ఉన్నాయి.

గది ఎంచుకునేటప్పుడు ఒక్క మాట. మాకు ముందు రోడ్డు వైపు గది ఇచ్చారు, రాత్రంతా బైకుల మోత. అడిగితే లోపలి వైపుకు మార్చారు, హాయిగా నిద్రపట్టింది. బ్లాకు మధ్యలో తోటలుండాలన్నది సెర్దా ఆలోచన. తర్వాత చాలాచోట్ల అక్కడా కట్టేశారు కానీ, లోపలి ఖాళీ స్థలం మిగిలినచోట నిశ్శబ్దం ఇప్పటికీ ఉంది. బుకింగ్‌లోనే అడగండి. టూరిస్ట్ పన్ను విడిగా కట్టాలి.

ట్రామ్ శుభ్రంగా, టైముకు వచ్చింది. కాకపోతే మేం వెళ్లినప్పుడు అటు ఫ్రాన్సెస్క్ మసియా దగ్గర, ఇటు వెర్దగేర్ దగ్గర ఆగిపోయింది, మధ్యలో లేదు. ఆ ముక్క నడవండి, విశాలమైన కాలిబాటలు. 1905 నాటి కాసా దె లెస్ పున్షెస్ అనే భవనం వెర్దగేర్‌కు దగ్గర్లోనే ఉంది. రోడ్డు ఏటవాలుగా కోయడంతో మిగిలిన కోణాకారపు స్థలంలో, మొనదేలిన గోపురాలతో కట్టారు.

గ్లోరీస్‌లో ఎన్కాంట్స్ పాత వస్తువుల సంతకు ఉదయమే వెళ్లండి. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో ఉంటుంది.