వెబ్ ఆప్షన్లలో రెండు ‘బయో’లు: బయోటెక్నాలజీ మేలా, బయోమెడికల్ మేలా?

కౌన్సెలింగు రోజుల్లో మా అక్క కూతురు నోటుబుక్కు పట్టుకొని హన్మకొండలోని మా ఇంటికి వచ్చింది. వెబ్ ఆప్షన్లు వరుసగా రాసుకుంది. మొదటి అయిదూ కంప్యూటర్ సైన్స్. ఆరో వరుసలో బయోటెక్నాలజీ, బయోమెడికల్ ఇంజినీరింగు రెండూ ఒకే చోట, మధ్యలో చిన్న అడ్డగీత. “ఈ రెండూ ఒకటే కదా మామయ్యా?” అంది. పక్కనే టీ తాగుతున్న బావ, “రెండింటిలోనూ బయో ఉంది కదా, ఏది వస్తే అది” అన్నాడు. పద్నాలుగేళ్లుగా ఆసుపత్రి యంత్రాల మధ్య బతుకుతున్నవాణ్ణి. బావ కాబట్టి ఊరుకున్నాను.

బయోఇంజినీరింగు అనే పేరుతోనే బీటెక్ ఇచ్చే చోట్లు మన దగ్గర తక్కువ. ఆ చదువు ఇక్కడ ముఖ్యంగా రెండు పాయలుగా చీలింది. బయోటెక్నాలజీలో పనివాడు జీవకణం. దానికి తిండి పెట్టి, గాలి అందించి, వేడి చూసుకుంటూ టీకానో మందునో ఎంజైమునో తయారు చేయించుకోవాలి. బయోమెడికల్‌లో పని మనిషి ఒంటితో. ఆ ఒంటిని కొలిచే, లోపలికి చూసే, ఊపిరి అందించే యంత్రాలను రూపొందించాలి, నడపాలి. మొదటిదానికి బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఉష్ణ ప్రసారం చదవాలి. రెండోదానికి శరీర నిర్మాణం, సర్క్యూట్లు, సిగ్నళ్లు. లెక్కలు రెండింటిలోనూ వెంటాడతాయి.

బయోటెక్నాలజీ అంటే సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. అందులో ఇంజినీరింగు ఎక్కడుందో పెళ్లివంటలు చేసేవాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. నలుగురికి వండే కొలతను వందతో హెచ్చవేసి గుండిగలో పోస్తే అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. కణాల సంగతీ అంతే. చిన్న ఫ్లాస్కులో పోసి ఊపుతూ ఉంటే ఈ.కోలై బాక్టీరియా 20 నిమిషాలకోసారి హాయిగా రెట్టింపవుతుంది. అదే పాత్ర పొడవు, వెడల్పు, లోతు పదేసి రెట్లు పెంచండి. లోపలి ద్రవం వెయ్యి రెట్లవుతుంది, గాలి తగిలే పైభాగమూ వేడిని బయటికి పంపే గోడలూ వంద రెట్లే పెరుగుతాయి. ఆక్సిజన్ చాలదు, వేడి పోదు. అడుగు నుంచి బుడగలు పంపాలి, మరతో కలపాలి, చుట్టూ చల్లని నీళ్లు తిప్పాలి. మరీ గట్టిగా కలిపితే జంతుకణాలు చితికిపోతాయి. ఈ తంటాలన్నీ లెక్కగట్టడమే ఆ చదువులోని అసలు ఇంజినీరింగు. దానికి ఓర్పు తోడు కావాలి. వారాల తరబడి పెంచిన కణాల సీసాలో గులాబిరంగు ద్రవం ఒక ఉదయం పసుపుపచ్చగా, మడ్డిగా కనిపిస్తే ఏదో క్రిమి దూరిందన్నమాట. పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. తిడదామంటే ఎదురుగా ఎవరూ ఉండరు.

నా వైపు, అంటే బయోమెడికల్‌లో, తంటాలు వేరు. ఒక రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది. ఈసీజీ కాగితం మీద గీతంతా రంపపు పళ్లలా వస్తోంది, యంత్రం పోయింది, కొత్తది తెప్పించండి అని. వెళ్లి చూశాను. గుండె నుంచి చర్మం మీదికి వచ్చే విద్యుత్తు సుమారు ఒక మిల్లీవోల్టు. గోడలో ఉన్నది 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ఊగేది. ఎర్తింగు సరిగా లేకపోతే ఆ ఊగుడంతా వచ్చి గుండె గీత మీద కూర్చుంటుంది. కాళ్లకూ చేతులకూ పెట్టే నాలుగు క్లిప్పుల్లో కుడికాలిది గుండెను కొలవదు. ఆ రొదను తగ్గించడానికే దాన్ని పెడతారు. ఆ రాత్రి కుడికాలి క్లిప్పు కింద జెల్లు ఎండిపోయి ఉంది. గోడ సాకెట్టు విప్పితే లోపల ఎర్తు తీగ ఊడి వేలాడుతోంది. స్క్రూడ్రైవరు, కాస్త జెల్లు, పావుగంట సమయం, అంతే. లక్షణమైన యంత్రాన్ని పక్కన పడేసి కొత్తది కొని ఉంటే, అదీ ఆ గదిలో అలాగే గీసేది. ఇలాంటి రాత్రులంటే విసుగు పుట్టనివాళ్లకు బయోమెడికల్ సరిపోతుంది.

ఇక బావ అడగదలచుకున్న అసలు ప్రశ్న, ఉద్యోగం. బయోటెక్నాలజీకి మన రాష్ట్రంలో చోటు బాగానే ఉంది. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వెళ్తుంటే శామీర్‌పేట దగ్గర టీకాల, మందుల కంపెనీలు గుమిగూడిన జీనోమ్ వ్యాలీ తగులుతుంది. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. హబ్సిగూడ వైపు వెళ్తే కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ. అయితే బీటెక్ పట్టా ఒక్కదానితో దొరికేవి ఎక్కువగా ఉత్పత్తి, నాణ్యత పరీక్షల విభాగాల్లో చిన్న ఉద్యోగాలు. అక్కడ ఎమ్మెస్సీ చేసినవాళ్లూ అదే వరుసలో నిలబడి ఉంటారు. పరిశోధన కావాలంటే ఎంటెక్, ఆ పైన పీహెచ్‌డీ తప్పవు. అంటే ఇది 4 ఏళ్ల లెక్క కాదు, 6 ఏళ్లదో 10 ఏళ్లదో. ఇంట్లో ఇంకా చదవాల్సిన తమ్ముడు ఉన్నాడా, తీర్చాల్సిన అప్పు ఉందా అన్నది ముందే మాట్లాడుకోవాలి.

మా వైపు పట్టా చేతికి రాగానే సంపాదన మొదలవుతుంది. నా మొదటి జీతం విని మా నాన్న “ఇంకేమైనా కలిపి ఇస్తారా?” అని అడిగారు, అది వేరే సంగతి. సర్వీసు ఇంజినీరుగా చేరితే బైకు మీద మంచిర్యాల, భూపాలపల్లి తిరగాలి. డిప్లొమా చదివినవాళ్లూ ఆ పని చేస్తారు, కొన్నిసార్లు మనకన్నా బాగా చేస్తారు. మరమ్మతు దాటి కొత్త యంత్రాన్ని రూపొందించే పనిలోకి వెళ్లాలంటే ఇక్కడా ఎంటెక్ చేయడమే మంచిది. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు ఎప్పటినుంచో ఉంది, బయోమెడికల్‌కు ప్రత్యేకంగా పేపరు వచ్చింది 2020లోనే.

వరంగల్‌లో ఈ ప్రశ్న ఇంకో రూపంలో కూడా వస్తుంది. నిట్‌లో బయోటెక్నాలజీ మేలా, మరో కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేలా అని. నిట్‌లో సగం సీట్లు తెలంగాణ పిల్లలకే. పైగా జేఈఈ మెయిన్‌లో కాస్త వెనక ర్యాంకు వచ్చినా ఆ బ్రాంచి అందే వీలుంటుంది. 1959 నాటి పేరున్న కాలేజీ, ఇంటికి దగ్గర. కానీ జీవశాస్త్రానికి పదో తరగతిలోనే దండం పెట్టేసిన పిల్లవాడు పేరు కోసం చేరితే పగలు కణాలు, రాత్రి కోడింగు చదవాలి. అలా చదివి సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్నవాళ్లు నాకు తెలుసు, విచారమేమీ లేదు వాళ్లకు. ఆ దారి ఎటు పోతుందో తెలిసే చేరారు.

బైపీసీ పిల్లల లెక్క వేరు. నీట్‌లో సీటు రాక, లాంగ్ టర్మ్‌కు ఓపిక లేక, ఎప్‌సెట్ ర్యాంకుతో వచ్చేవాళ్లకు బయోటెక్నాలజీ తలుపు తెరిచే ఉంటుంది. ఇంటర్‌లో లెక్కలు చదవలేదు కాబట్టి బ్రిడ్జి కోర్సు చేయాలి. అది పేరుకే చిన్నది. లెక్కలు పడకే బైపీసీ తీసుకున్నవాళ్లు పైన చెప్పిన పాత్ర దగ్గర అవకలన సమీకరణాలతో తలపడాలని గుర్తుంచుకోవాలి. అలాంటివాళ్లకు వరంగల్ వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ ఇంతకన్నా మేలని నా అభిప్రాయం. జన్యువుల ముచ్చట అక్కడా ఉంటుంది. పరకాల, నర్సంపేట చేలలో, పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తి చూడనివారెవరు? 2002లో అనుమతి వచ్చిన ఆ విత్తనానికి గులాబిరంగు పురుగు కొన్నేళ్లలోనే అలవాటు పడిపోయింది. నా ఈసీజీ యంత్రం చెడిపోతుందే గానీ నన్ను ఓడించడానికి ఇలా ఉపాయం పన్నదు.

ఎంపీసీ పిల్లలకు మూడో దారి ఒకటుంది. ఎవరూ నోటుబుక్కులో రాసుకోనిది. మంచి కాలేజీలో ఎలక్ట్రానిక్స్ వస్తే అది చదివి, ఎంటెక్‌లో బయోమెడికల్‌కు రావచ్చు. టీకాల తయారీ మీద మనసుంటే కెమికల్ చదివి రావచ్చు. అటు నుంచి ఇటు రావడం తేలిక, ఇటు నుంచి అటు పోవడం కష్టం. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు కాళ్లకు ఊతంగా కట్టిన మూడు కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థంతో వాటిని 300 గ్రాములకు దింపించిన అబ్దుల్ కలాం చదివింది ఏరోనాటికల్. 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో హెపటైటిస్ బీ టీకాను చౌకగా తెచ్చిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ఆయన పక్కన జీవశాస్త్రవేత్తలు ఉండబట్టే టీకా వచ్చిందన్నదీ నిజమే.

ఇదంతా చెప్పేసరికి బావ రెండో టీ అయిపోయింది. మా మేనకోడలు మాత్రం కలాం దగ్గరా ఆగలేదు, జీతాల దగ్గరా ఆగలేదు. “ఆ కుడికాలి క్లిప్పు తీసేస్తే నిజంగా గీత చెడిపోతుందా?” అని అడిగింది. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లి, మూలనున్న పాత యంత్రానికి నన్నే తగిలించి తన చేతే తీయించాను. కాగితం మీద పళ్లు మొలిచాయి. మళ్లీ పెట్టింది, తగ్గాయి. ఇంకోసారి తీసింది.

సాయంత్రం నోటుబుక్కులో అడ్డగీత చెరిపేసి రెండింటినీ వేరు వేరు వరుసల్లో రాసింది. మొదటి మూడింటిలో ఎలక్ట్రానిక్స్, నాలుగులో ఉస్మానియా బయోమెడికల్. బయోటెక్నాలజీని కొట్టేయలేదు, తొమ్మిదికి దింపింది. బావ పుస్తకం అందుకొని చూసి, “మరి కంప్యూటర్ సైన్స్ ఏదమ్మా?” అన్నాడు.