పవర్‌షిఫ్ట్ ఫోకస్, సీవీటీ ఆల్టిమా: ఏ గేర్‌బాక్సు ఎలా మొరాయిస్తుంది?

అమెరికాలో పాత కుటుంబ కారు కోసం వెతికేవారికి ఫోర్డ్ ఫోకస్, నిస్సాన్ ఆల్టిమా రెండూ చవకగానే దొరుకుతాయి. గేర్‌బాక్సు మీద వచ్చిన ఫిర్యాదులూ అందుకు ఒక కారణం.

2012–16 ఫోర్డ్ ఫోకస్‌లోని పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సు చూడటానికి ఆటోమేటిక్, లోపల మాత్రం రెండు పొడి (నూనెలో మునగని) క్లచ్‌లు. ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సులోకి తెచ్చే కడ్డీ) సీలు నుంచి నూనె కారి క్లచ్‌కు అంటితే పట్టు తప్పుతుంది. సిగ్నల్ దగ్గర బ్రేకు వదిలి మెల్లగా కదిలించండి, జ్వరం వచ్చినట్టు బండి వణుకుతుంది. గేర్‌బాక్సును నడిపించే కంప్యూటర్, అంటే కంట్రోల్ మాడ్యూల్, పాడైతే నడిరోడ్డు మీదే ఆగిపోవచ్చు. ఆస్ట్రేలియాలో కొందరు యజమానులకు 'మీరు నడిపే తీరే కారణం' అని ఫోర్డ్ వాళ్లు చెప్పి పంపారు కూడా! ఫిర్యాదుల విషయంలో ఇలా వ్యవహరించినందుకు 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

నిస్సాన్ ఆల్టిమాది వేరే తంతు. సీవీటీలో మెట్లు మెట్లుగా గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. వణుకు దీనికీ ఉంది. నూనె మరీ వేడెక్కితే కంప్యూటరే ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది. హైవే ఎక్కుతూ ఎంత తొక్కినా వేగం పుంజుకోదు. 2013–16 ఆల్టిమాలకు కంపెనీ వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్ల వరకు పొడిగించింది. ఆ గడువు ఎప్పుడో దాటింది.

నా మొగ్గు ఆల్టిమాకే, అదీ సీవీటీ నూనె మార్చిన రసీదులు చూపిస్తేనే. ఫోకసే కావాలంటే మాన్యువల్ గేర్లది వెతకండి, దానికి ఈ పొడి క్లచ్‌ల గొడవ లేదు. ఏది చూసినా, బండి బాగా వేడెక్కేదాకా రద్దీలో అరగంట నడపనివ్వమని అడగండి. అమ్మేవారు నసిగితే వెనుదిరగండి.